బైబిల్లో దాచిన కీ

చుక్క కదులుతోంది!

ఫోన్ తెర మీద చిన్న నీలం చుక్క. ఉదయగిరి దాటింది... ఆత్మకూరు రోడ్డెక్కింది... పరుగో పరుగు!

స్పీడ్: 121.

"తొక్కు నాగేంద్రా! ఇంకా తొక్కు!"

"తొక్కతానే ఉండాను సార్! టిప్పర్ ఇది, ఏరోప్లేన్ కాదు!"

గేర్ రాడ్ గడగడలాడుతోంది. కిటికీ అద్దాలు దడదడలాడుతున్నాయి. వెనక ఖాళీ తొట్టి ప్రతి గుంతకీ ధన్ ధన్ మంటోంది. ముల్లు డెబ్బై దగ్గర కూర్చుని ససేమిరా లేవనంటోంది.

డేవిడ్‌రాజు ఫోన్‌ని రెండు చేతులా పట్టుకున్నాడు. 

ఆ చుక్క అతని కారు. ఈ చుట్టుపక్కల మండలాల్లో అలాంటి కారు ఇంకెవరికీ లేదు. చెన్నై నుంచి తెచ్చినరోజు సెంటర్లో ట్రాఫిక్ ఆగిపోయింది.

పోనీ... కారు పోతే పోయింది!

కారులో అశ్విత ఉంది.

తొమ్మిదేళ్ల పిల్ల. భార్య సారా జ్వరంతో పోయి మూడేళ్లు. ఆ రోజు నుంచి అతనికి మిగిలింది ఆ బిడ్డ ఒక్కతే. కళ్లలో పెట్టుకుని పెంచుతున్నాడు.

స్పీడ్: 124.

"అయ్యో దేవుడా..." అన్నాడు. దేవుణ్ణి పిలిచి చాలాకాలమైంది.

* * *

అరగంట క్రితం వరకూ అంతా బాగానే ఉంది.

డేవిడ్‌రాజు రోడ్ల కాంట్రాక్టర్. కాపురం ఆత్మకూరులో. ఈరోజు శనివారం కదా అని పాపను తీసుకుని ఉదయగిరి శివార్లో ఉన్న అమ్మ లిదియమ్మ ఇంటికి వచ్చాడు. కారు అక్కడే పెట్టాడు. పాపను నాయనమ్మ దగ్గర వదిలాడు. కొండ వెనక జరుగుతున్న రోడ్డు పని చూడ్డానికి తన టిప్పర్లోనే వెళ్లాడు.

కంకర మీద ఆ కారు నడపడు మరి! తను వేసే రోడ్డు మీదకి తారు పడేదాకా తన కారు రాదు. కూలీలు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ అంటాడు.

కొండ వెనక సిగ్నల్ ఉండదు. రెండు గంటల తర్వాత టిప్పర్ కొండ మలుపు తిరిగింది. సిగ్నల్ వచ్చింది.

ఫోన్ బుర్రుమంది.

కారు యాప్ నుంచి మెసేజ్!

'ఇంజిన్ స్టార్ట్ అయింది. కీ – 2.'



కీ ఒకటి అతని జేబులో ఉంది. కీ రెండు... అమ్మ బైబిల్లో ఉంది!

వాళ్ల సంఘంలో అదొక అలవాటు. కొత్త బండి కొంటే రెండు కీలూ చర్చిలో కానుకల పళ్లెంలో పెడతారు. మాల్యాద్రి పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. ఒక కీ యజమానికి, ఇంకోటి ఇంట్లో పెద్దామెకి. ఆమె దాన్ని జిప్పు కవరు బైబిల్లో దాచుకుంటుంది. రోజూ బైబిల్ తెరిచినప్పుడల్లా ఆ బండి ప్రార్థనలో ఉన్నట్టే. ఆ కీ ఎవరూ ముట్టరు. ముట్టకూడదు!

అమ్మకి ఫోన్ చేశాడు. మోగింది... మోగింది...

ఎత్తింది అమ్మ కాదు.

"రాజు నాయనా? నేను రెబెకమ్మని, పక్కింటామెని. మీయమ్మ ఫోను మంచం మింద మోగతా ఉంటే ఎత్తినా."

"అమ్మ ఏది అత్తా?"

"ఏమో నాయనా! ఇప్పుడే చేలో నుంచి వచ్చినా. తలుపులు బార్లా తీసుండాయి, ఇంట్లో ఎవురూ లేరు. బైబిలు కింద పడుండాది... జిప్పు లాగేసి, లోపలి కాయితాలన్నీ ఇల్లంతా చెల్లాచెదురుగా..."

"పాప?"

అటు నుంచి కాయితాలు ఏరుతున్న చప్పుడు.

"అత్తా! పాప ఏది?"

"అదే నాయనా... అంగిడి అతను చెప్పినాడు... మీ జోయలు పాపను భుజాన ఏసుకోని పరిగెత్తుకుంటా వచ్చి కార్లో పడేసుకోని పోయినాడంట. పాప... పాప కదల్లేదంట నాయనా."

జోయల్!

డేవిడ్‌రాజు యాప్‌లో మ్యాప్ తెరిచాడు.

* * *

జోయల్ అతని తమ్ముడు. సొంత తమ్ముడు. ఉదయగిరిలో ఆటో తోలుతాడు.

పోయిన డిసెంబర్ వరకూ అన్నదమ్ములు బాగానే ఉన్నారు. ఆ సాయంత్రం పాడుగాను... జోయల్ భార్య ఏంజెలిన్‌కి ఎనిమిదో నెలలోనే నొప్పులు మొదలయ్యాయి. డేవిడ్‌రాజు కారు అమ్మ ఇంటి ముందే ఉంది. జోయల్ పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, కీ ఇయ్యి. నెల్లూరు తీసుకుపోవాల."

డేవిడ్‌రాజు కారు వైపు చూశాడు. కొత్త కారు. లోపల మీగడరంగు తోలు సీట్లు.

"నీకు ఆటో ఉండాది కదరా. దుప్పటి పరిచి తీసుకుపో."

అంతే అన్నాడు. అంతకన్నా ఒక్క ముక్క కూడా అనలేదు. అది చాలింది.

బిడ్డ ఆటోలోనే పుట్టింది. ఏడవలేదు.

సమాధి దగ్గర జోయల్ పిడికెడు మట్టి వేసి, పాస్టరు గారి ముందే అన్నని చూసి అన్నాడు.

"నీకూ బిడ్డ ఉండాదన్నా. గుర్తుపెట్టుకో."

ఆ రాత్రే డేవిడ్‌రాజు తమ్ముడి నంబర్ బ్లాక్ చేశాడు. తప్పు జోయల్‌దని కాదు. తప్పు తనదని తెలుసు. ఆ గొంతు వినే ధైర్యం లేక చేశాడు.

గుర్తుపెట్టుకో... గుర్తుపెట్టుకో...

ఇప్పుడు టిప్పర్ ఇంజిన్ కూడా అదే అంటున్నట్టుంది.

"బిడ్డకు బిడ్డ అనుకున్నాడు నాగేంద్రా వాడు! అమ్మ బైబిల్లో చెయ్యిపెట్టి కీ దొంగిలించినాడంటే ఇంకేమైనా చేస్తాడు. అమ్మను ఏం చేసినాడో... పాపకి ఏం పెట్టినాడో, కదల్లేదంట!"

నాగేంద్రబాబు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. అతనికి యాభై దాటాయి. డేవిడ్‌రాజు దగ్గర పదేళ్లుగా టిప్పర్ తోలుతున్నాడు.

"జోయల్ అట్టాంటోడు కాదు సార్."

"బిడ్డ పోయినోడు ఎట్టాంటోడో నీకు తెలుసా?"

నాగేంద్రబాబు గేరు మార్చాడు.

* * *

ఆత్మకూరు ఎస్సైకి ఫోన్ కలిసింది.

"సార్, నా బిడ్డని ఎత్తుకుపోతాండాడు సార్! నా తమ్ముడే! నా కార్లోనే! ఆత్మకూరు వైపే వస్తాండాడు!"

"డేవిడ్‌రాజు గారూ, కంగారు పడొద్దు. మా జీపు ఊరికి దూరంగా డ్యామ్ కాడ డ్యూటీలో ఉండాది. ఇప్పుడే బయల్దేరదీస్తా. అరగంట పైనే పడతాది."

అరగంట! అరగంటలో ఆ కారు ఆత్మకూరు దాటి నెల్లూరు దారి పట్టేస్తుంది. హైవే ఎక్కితే చెన్నై. ఇంకేం పట్టుకుంటారు, బూడిద!

డేవిడ్‌రాజు యాప్ తెరిచాడు. అడుగున ఎర్ర బటన్ ఉంది.

ఇంజిన్ లాక్.

"వద్దు సార్!" నాగేంద్రబాబు ఉలిక్కిపడ్డాడు. "నూట ఇరవైలో పోయే బండిని ఉన్నట్టుండి ఆపితే పల్టీ కొడతాది! పాప లోపలుండాది!"

"పరిగెత్తే బండిని ఆపదు ఇది. ఒకసారి ఇంజిన్ ఆగిందంటే మళ్లీ స్టార్ట్ కానీదు. తలుపులు కూడా బిగుసుకుంటాయి. లోపల ఉండేవోడు హ్యాండిల్ ఎంత లాగినా రాదు."

"మరి వాడు బండి ఆపితే కదా?"

అదీ నిజమే. ఎక్కడో ఒకచోట ఆగాలి. ఒక్క నిమిషం చాలు. ఆ కారుకి ఇంకో గుణం ఉంది. బ్రేక్ మీద కాలు పెట్టి నిలబడితే ఇంజిన్ దానంతటదే ఆగిపోతుంది. పెట్రోలు ఆదా అట. కాలు తీస్తే దానంతటదే స్టార్ట్ అవుతుంది.

లాక్ వేసి ఉంటే... అవదు!

ఎవరాపుతారు? ఆ వేగంతో వచ్చే కారుకి ఎవడు అడ్డం నిలబడతాడు?

డేవిడ్‌రాజు కళ్లు రోడ్డు పక్కకి పోయాయి. పొద్దు వాలుతోంది. బీడులో మేకలు ఇంటిదారి పడుతున్నాయి.

మెరుపు మెరిసినట్టయింది!

మునెయ్య!

మునెయ్య ఐదో తరగతి దాకా డేవిడ్‌రాజుతో కలిసి చదివాడు. ఇప్పుడు మూడు వందల గొర్రెలు కాస్తాడు. ఈ కాలమంతా ఆత్మకూరుకి పన్నెండు కిలోమీటర్ల ఇవతల, రోడ్డు పక్క బీడులోనే మంద.

"మునెయ్యా! నేను, డేవిడ్‌ని! జీవాలు యాడుండాయి?"

"రోడ్డు పక్కనే. ఇప్పుడే మళ్లేస్తాండా. ఏందిబ్బా, ఆ రొప్పేంది?"

"అన్నీ రోడ్డు మీదకి తోలు! ఒక్క సందు ఉండకూడదు! నా నల్ల కారు వస్తాండాది. నా బిడ్డను ఎత్తుకుపోతాండాడు మునెయ్యా!"

"ఓర్నీ... ఎవుడ్రా వాడు?"

"తోలు ముందు!"

ఫోన్లోంచే వినిపించింది... అదిలింపు, ఈల, కర్ర నేలకేసి కొట్టిన చప్పుడు. ఆ వెంటనే మూడు వందల గొర్రెల అరుపు.

డేవిడ్‌రాజు బటన్ నొక్కాడు.

'ఇంజిన్ లాక్ సిద్ధం. డోర్లు సెక్యూర్ అవుతాయి. ఖాయమేనా?'

ఖాయమే!

* * *

స్పీడ్: 119... 90... 40...

చుక్క ఆగింది.

స్పీడ్: 0.

'ఇంజిన్ లాక్ అయింది.'

"దొరికినాడు!" డేవిడ్‌రాజు డాష్‌బోర్డు మీద గుద్దాడు. "దొరికినాడురా దొంగనాయాల!"

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్ని కిలోమీటర్లు? ఇరవై ఐదు. టిప్పర్లో ఇరవై నిమిషాల పైనే. ఫర్వాలేదు. ఇక ఎక్కడికీ పోలేడు. తల్లీ, ఇరవై నిమిషాలు ఓర్చుకో. నాన్న వస్తున్నాడు.

ఫోన్ మోగింది. మునెయ్య.

"నిలబడిందిబ్బా కారు! జీవాల మధ్యలో ఇరుక్కుండాది. ముందు సీట్లో ఉండాడు. మీ జోయలే."

"పాప కనపడతాండాదా?"

"ఎనకంతా నల్లద్దాలు. పొద్దు కూడా గూకింది. ఏమీ కనపడటంలా."

"తలుపు తీయనీకి చూస్తాండాడా?"

"ఊఁ... కాళ్లతో తంతాండాడు. అరస్తాండాడు. నోరు ఆడతాండాది గానీ ఒక్క ముక్క బయటికి రావటంలే!"

రాదు. ఆ అద్దాలు రెండు పొరలవి. బయట లారీ హారన్ కొట్టినా లోపల నిశ్శబ్దం. లోపల పాట పెట్టినా బయటికి పొక్కదు. కొన్న కొత్తల్లో డేవిడ్‌రాజు అందరినీ కూర్చోబెట్టి, తలుపు మూసి, బయట నిలబడి చప్పట్లు కొట్టి చూపించేవాడు.

"డేవిడూ..."

"ఏంది?"

"దండం పెడతాండాడు రా. రెండు చేతులెత్తి."

"పెడతాడు. దొరికినాక అందరూ పెడతారు."

"ఏడస్తాండాడు కూడా. ఏందో తేడాగా ఉండాదబ్బా. రాయి తీసుకోని అద్దం పగలగొట్టేదా?"

"వద్దు! పగలగొట్టొద్దు! సందు దొరికితే పాపను లాక్కోని చీకట్లో పడి పోతాడు. నేను వచ్చేదాకా అట్టే పెట్టు!"

అది ఒక కారణం. ఇంకోటి కూడా ఉంది. ఆ అద్దం మళ్లీ చెన్నై నుంచి తెప్పించాలే అని ఒక ఆలోచన, అరక్షణం, వచ్చి పోయింది. ఆ క్షణంలో కూడా వచ్చింది! ఆ సంగతి డేవిడ్‌రాజు ఎవరికీ చెప్పలేదు. ఎప్పటికీ చెప్పడు.

నాగేంద్రబాబు నెమ్మదిగా అన్నాడు.

"సార్... ఒక్కసారి జోయల్ నంబర్‌కి ఫోన్ చేస్తే?"

"చేసి? బతిమాలాల్నా? వాడు ఏం అడిగితే అది ఇస్తానని? నీ పని నువ్వు చూడు!"

నాగేంద్రబాబు పెడల్ అదిమిపెట్టాడు.

ఎనిమిది నిమిషాలు...

పదిహేను...

ఇరవై...

* * *

ముందు హారన్ వినిపించింది.

కిలోమీటర్ దూరం నుంచే. ఆగకుండా. ఒకే ఊపిరిగా... అదే పనిగా...

"నా కారే అది," అన్నాడు డేవిడ్‌రాజు.

అద్దాలు మాట బయటికి రానివ్వకపోయినా హారన్ని ఆపలేవు కదా! ఎవరన్నా రండి, ఎవరన్నా రండి అన్నట్టు కొడుతూనే ఉన్నాడు లోపల.

ఉన్నట్టుండి హారన్ ఆగిపోయింది.

 

టిప్పర్ హెడ్‌లైట్ల వెలుగులో గొర్రెల కళ్లు మిలమిలా మెరిశాయి. తెల్లటి వీపుల మధ్య నల్లగా, నిగనిగలాడుతూ... కారు!

టిప్పర్ ఆగకముందే దూకాడు. సీటు కింద ఉండే వీల్ స్పానర్ చేతిలో ఉంది. గొర్రెల్ని మోకాళ్లతో నెట్టుకుంటూ పరిగెత్తాడు. ఫోన్లో అన్‌లాక్ నొక్కాడు.

టక్!

తలుపు తెరిచాడు. ముందు సీటు ఖాళీ!

వెనక తలుపు లాగాడు. జోయల్ సీట్ల మధ్య మోకాళ్ల మీద ఉన్నాడు. పాప మీదికి వంగి ఉన్నాడు. పాప ముఖం మీద వాడి ముఖం...



"వదలరా నా బిడ్డని!"

కాలర్ పట్టి బయటికి ఈడ్చాడు. స్పానర్ ఎత్తాడు. ఒక్క దెబ్బ! భుజం మీద! జోయల్ రోడ్డు మీద పడ్డాడు. మళ్లీ ఎత్తాడు...

"కొట్టన్నా!" జోయల్ కేక వేశాడు. "తర్వాత ఎంతైనా కొట్టు! చంపు! ముందు నన్ను ఊపిరి ఊదనీ! నేను ఊదకపోతే పాప పీల్చటంలా!"

స్పానర్ గాల్లోనే ఆగిపోయింది.

కారులోంచి ఇంకో గొంతు వచ్చింది. బొంగురుగా.

"రాజూ... పాము రా... కట్లపాము..."

అమ్మ!

లిదియమ్మ వెనక సీటు మూలన ఉంది. అశ్విత తల ఆమె ఒళ్లో ఉంది. పాప కుడికాలికి కట్టు. చేతికి ఆసుపత్రి సూది, దాని మీద తెల్ల ప్లాస్టర్. పెదవులు నీలంగా ఉన్నాయి. మీగడరంగు సీటు నిండా వాంతి.

"దొడ్లో ఆడుకుంటా ఉండింది నాయనా. కాలు మంటంటే చూసినా. జోయలుకి కబురు పెట్టి, వాడి ఆటోలో ఉదయగిరి ఆసుపత్రికి తీసుకుపోతే సూదేసినారు. ఊపిరి తగ్గిపోతాండాది, మిషన్ మీద పెట్టాల, నెల్లూరు పోండి అన్నారు. ఈడి 108 అంతకుముందే ఒక కాన్పు కేసుకి పోయుండాది. నెల్లూరు నుంచి మిషన్ ఉండే బండి ఎదురు పంపతాం, ఆత్మకూరులో కలుసుకోండి అన్నారు. నేనే రా కీ ఇచ్చింది! ఇంటికొచ్చి బైబిల్లోంచి నేనే తీసి ఇచ్చి ముందే కార్లో కూచున్నా! ఇంకేం బండి ఉండాది రా అంత గబగబా పోయేది?"



జోయల్ అప్పటికే మళ్లీ లోపలికి పాకాడు. ఒక చెయ్యి వేలాడుతోంది. రెండో చేత్తో పాప ముక్కు మూసి, నోట్లో ఊదుతున్నాడు. తల ఎత్తి, ఊపిరి పీల్చి, మళ్లీ ఊదుతున్నాడు.

"ఎన్నిసార్లు చేసినానన్నా నీకు..." మధ్యలో అన్నాడు. "నీ ఫోను పలకలా. నా ఫోన్లో ఛార్జింగ్ కూడా అయిపోయింది."

* * *

"స్టార్ట్ చెయ్యి సార్!" నాగేంద్రబాబు అరిచాడు. "మునెయ్యా, జీవాల్ని పక్కకి తోలు!"

డేవిడ్‌రాజు స్టీరింగ్ ముందు కూలబడ్డాడు. బటన్ నొక్కాడు.

కదల్లేదు.

'ఇంజిన్ లాక్‌లో ఉంది. పిన్ ఎంటర్ చేయండి.'

పిన్! నాలుగు అంకెలు. వేళ్లు తెర మీద నిలవడం లేదు.

తప్పు.

మళ్లీ కొట్టాడు.

తప్పు! ఇంకొక్క అవకాశం మాత్రమే ఉంది.

"నాన్నా రాజూ... తొందరగా..." అమ్మ ఏడుస్తోంది.

కుడి చేతిని ఎడం చేత్తో పట్టుకుని, ఒక్కో అంకే, ఒక్కో అంకే...

ఇంజిన్ మేలుకుంది!

అంత పెద్ద ఇంజిన్, పిల్లికూనంత చప్పుడు కూడా చేయలేదు. మునెయ్య కర్ర తిప్పుతూ, తిడుతూ, ఏడుస్తూ గొర్రెల్ని చీల్చాడు. సందు దొరికింది. డేవిడ్‌రాజు తొక్కాడు.

80... 110... 140...

కొన్న ఏడాదిన్నరలో ఎన్నడూ వందకి పైన తోలలేదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర పాకించేవాడు. ముల్లుకంప గీస్తుందని ఎదురు బస్సుకి దారి ఇవ్వకుండా తిట్లు తిన్నాడు. ఇప్పుడు గుంతల్లోంచే పోనిస్తున్నాడు. చక్రాలు పగిలితే పగలనీ. అది ముక్కలైపోనీ. ఒక్క పిల్ల ఊపిరి పీలిస్తే చాలు.

"ఎట్టుండాది రా?"

జోయల్ ఊదుతున్నాడు. ఊదిన ప్రతిసారీ వినపడుతోంది. ఆ కారులో ఏ చప్పుడూ లేదు కదా! బయటి గాలి లేదు, టైర్ల రొద లేదు. తమ్ముడి ఊపిరి ఒక్కటే.

"జోయలూ! ఎట్టుండాది రా?"

"తోలన్నా నువ్వు."

"నాకు తెలీదురా! నువ్వు కక్ష తీర్చుకుంటాండావనుకున్నా. ఏంజెలిన్ విషయం..."

"తోలన్నా!"

ఎదురుగా నీలం వెలుగు! తిరుగుతూ... దగ్గరవుతూ...

అంబులెన్స్!

డేవిడ్‌రాజు బ్రేక్ కొట్టాడు. లైట్లు ఆర్పి వెలిగించాడు. దిగి రోడ్డు మధ్య నిలబడి రెండు చేతులూ ఊపాడు. అంబులెన్స్ కీచుమని ఆగింది. ఇద్దరు దిగారు. పాపను ఎత్తుకున్నారు. లోపల తెల్లటి లైటు. ముఖానికి మాస్క్. ఛాతీ మీద చేతులు. ఒకటి, రెండు, మూడు...

డేవిడ్‌రాజు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మడూ... నాన్న రా. నాన్నని. ఒక్కసారి..."

యూనిఫాం వేసుకున్న అతను టార్చ్ వేసి కళ్లు చూశాడు. మళ్లీ ఛాతీ నొక్కాడు. చాలాసేపు నొక్కాడు. నుదుటి మీద చెమట కారుతున్నా ఆపలేదు.

చివరికి ఆపాడు.

"ఊపిరి ఆగి ఎంతసేపయింది?"

"పూర్తిగా ఆగింది ఇందాకే సార్," అన్నాడు జోయల్. "అంతకుముందు సన్నగా ఉండింది. మేము నిలబడిపోయినప్పుడు లోగొంతుకతో నాతో మాట్లాడింది కూడా. చిన్నాన్నా, కారు ఎందుకు ఆగిపోయింది అని అడిగింది."

డేవిడ్‌రాజు రోడ్డు మీద కూర్చుండిపోయాడు.

"మేము ఆత్మకూరులో మీకోసం చూసినాం," అన్నాడు ఆ అతను మెల్లగా. "చాలాసేపు చూసినాం. ఇప్పుడే ఎవరో టిప్పర్ డ్రైవరంట, ఫోన్ చేసినాక ఎదురొచ్చినాం. అప్పుడే అందుంటే మిషన్ మీద నిలబడుండేది సార్. కట్లపాము కాటు అంతే. ఊపిరి ఒక్కటి నిలబెడితే బిడ్డలు లేచి కూర్చుంటారు."

లిదియమ్మ గుండెలు బాదుకుంది. ఆ ఏడుపుకి చేలల్లో కుక్కలు మొరిగాయి.

జోయల్ అన్న పక్కనే చతికిలబడ్డాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. తెగిపోయినట్టు వేలాడుతున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని, అంబులెన్స్‌లోకే చూస్తున్నాడు.

ఇంకో హెడ్‌లైట్ల జత! సైరన్!

పోలీస్ జీపు.

ఎస్సై దూకాడు. చెయ్యి నడుం దగ్గర, పిస్టల్ మీద ఉంది. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. టార్చ్ వెలుగు నల్ల కారు మీద, తెరిచి ఉన్న తలుపు మీద, జోయల్ ముఖం మీద పడింది. చొక్కా చిరిగి ఉంది. భుజం దగ్గర నెత్తురు.

"కదలొద్దు! చేతులు పైకెత్తు!"

జోయల్ ఒక్క చెయ్యే ఎత్తగలిగాడు. కానిస్టేబుల్ కాలర్ పట్టి లేపాడు. జోయల్ గింజుకోలేదు.

"వీడేనా డేవిడ్‌రాజు గారూ? పాపను ఎత్తుకుపోయింది వీడేనా?"

డేవిడ్‌రాజు లేచాడు. అంబులెన్స్ దగ్గరికి వెళ్లాడు. పాప చెంప మీద అంటుకున్న జుట్టు పక్కకి తీశాడు. వెనక్కి వచ్చి, తమ్ముడి కాలర్ మీద ఉన్న కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని విడిపించాడు.

"వీడు కాదు సార్."

"మరి? ఫోన్ చేసింది మీరే కదా! ఎవరు తీసుకుపోయినారు?"

"వీడు బతికించేదానికి తీసుకుపోతాండాడు."

డేవిడ్‌రాజు రెండు చేతులూ ఎస్సై ముందుకి చాపాడు.

"నా బిడ్డని తీసుకుపోయింది నేను సార్. నేనే. రాసుకోండి."